పద్నాలుగో షరతు

ఆ వాక్యం టైపు కొట్టింది నేనే.
సురులేరేలో, జనరేటర్లు బాగుచేసే కొట్టు పైన
రెండు గదుల ఆఫీసు.
కింద ఇంజను దగ్గినప్పుడల్లా
నా మిషన్ పక్కన టీ గ్లాసు వణికేది.
ఇబినాబో మేడమ్ అటూ ఇటూ నడుస్తూ చెప్పేది:
"ఇప్పుడున్న, ఇకముందు కనిపెట్టబోయే సాధనాలన్నిటిలోనూ,
విశ్వమంతటా, శాశ్వతంగా."
విశ్వమంతటా అంటే చంద్రుడి మీద కూడానా, అన్నాను.
అక్కడెవరైనా పాడితే అక్కడ కూడా, ఫతాయ్,
కామా మర్చిపోకు, అంది.

అప్పట్లో ఆమె క్యాసెట్ కంపెనీల వకీలు.
ఆమె రాసిన కాగితంలో చీమ దూరే సందుండేది కాదు.
పాటగాళ్లు ఇస్త్రీ చొక్కాల్లో వచ్చేవారు,
చదవకుండా సంతకం పెట్టి
పెన్ను కూడా జేబులో వేసుకుపోయేవారు.
పోయిన పెన్నుల లెక్క నేను రాసేవాణ్ణి.
పోయిన పాటల లెక్క రాయమని ఎవరూ చెప్పలేదు.

ఏ పురుగు కుట్టిందో,
ఒక సోమవారం కోర్టు విగ్గును బిస్కెట్ల డబ్బాలో పెట్టి
మూత నొక్కి,
సినిమా తీస్తున్నాం, అంది.
కారు అమ్మింది. పదమూడు రోజుల్లో తీసేసింది.
ప్రతి ఏడుపు సీను వెనకా జనరేటరు మోతే.
విడుదలకు రెండు రోజుల ముందే అలాబా మార్కెట్లో
హీరోయిన్ పేరు తప్పుగా అచ్చేసి
మా సినిమా కుప్పలు పోసి అమ్ముతున్నారు.
మేడమే వెళ్లి ఒక కాపీ కొంది.
బేరం కూడా ఆడింది.

ఆ అప్పు తీర్చడానికి మేనేజరైంది.
మేనేజరంటే ఏం పని అని మా ఆవిడ అడిగితే
చెప్పలేకపోయాను.
రాత్రి రెండింటికి జామీను పట్టుకుని స్టేషనుకెళ్లడం.
డ్రమ్మరు పన్ను పీకించడం.
స్టేజీ ఎక్కనని బాత్రూంలో గడియ పెట్టుకున్న హాస్యనటుడికి
తలుపు కింద సందులోంచి వాళ్ల అమ్మ కబుర్లు చెప్పడం.
ఇరవై శాతం తీసుకునేది,
అందులో సగం మళ్లీ వాళ్లకే అప్పిచ్చేది.
వడ్డీ అడిగేది కాదు.
అసలు మాత్రం ఎన్నడూ మర్చిపోలేదు.

ఎసోసా వానలో వచ్చింది,
బెనిన్ నుంచి రాత్రి బస్సు దిగి.
పాలిథిన్ సంచిలో మడతలు నలిగిన కాగితం,
పదిహేడో ఏట పెట్టిన సంతకం.
ఆమె గొంతు ఊళ్లో ప్రతి ఫోనులోనూ మోగుతోంది.
కాళ్లకున్న చెప్పులు మాత్రం ఎవరివో, ఒక సైజు పెద్దవి.

మేడమ్ కళ్లద్దాలు పెట్టుకుంది.
పదమూడు షరతులు గబగబా చదివింది.
పద్నాలుగు దగ్గర వేలు ఆగింది.
నేనూ చూశాను, ఆ కామా.
ఉండాల్సిన చోటే ఉంది.

ఇదెవరు టైపు కొట్టారు, ఫతాయ్?
నేనే మేడమ్.
ఎవరు చెప్తే కొట్టానో నేననలేదు.
కింద జనరేటరు ఆగిపోయింది,
కరెంటు వచ్చిందో, పెట్రోలు అయిపోయిందో.
ఆ నిశ్శబ్దంలో ఆమే అంది:
అమ్మాయీ, ఇది నేను రాసిందే.
ఎసోసా చాలాసేపు జుట్టు పిండుకుంది.
అయితే ముడి ఎక్కడుందో మీకే తెలియాలి, అంది.

ఇకెజా కోర్టులో మేడమ్ వాదించడానికి వీల్లేదు,
ఒకప్పటి క్లయింటు అవతల కూర్చున్నాడు మరి.
ఓ కుర్ర లాయర్ని పెట్టి, వెనక బెంచీలో కూర్చుంది.
అవతలి వకీలు ఆ వాక్యాన్ని పైకి చదివి,
మై లార్డ్, ఇంత పకడ్బందీ రాత
నా సర్వీసులో చూడలేదు, అన్నాడు.
పొగడ్త అంత దెబ్బ కొడుతుందని
నేనూ నా సర్వీసులో చూడలేదు.

పంతొమ్మిది వాయిదాలు. తర్వాత రాజీ.
మూడు పాటలు ఇంటికొచ్చాయి.
తొమ్మిది ఇంకా విశ్వమంతటా తిరుగుతున్నాయి.

కొత్త ఒప్పందం ఒకే పేజీ.
ఎసోసా పెదాలు కదుపుతూ గంటా పది నిమిషాలు చదివింది.
మేడమ్ ఒక్కసారి కూడా గడియారం చూడలేదు.
చివరికి ఒక లైను కొట్టేసి
పక్కన తన చేత్తో ఇంకేదో రాసింది,
రెండు అక్షరాలు తప్పు.
దిద్దనా మేడమ్, అన్నాను.
వద్దు,
ఆమె రాసినట్టే కొట్టు.